అక్క గాజు, బావ కళ్లద్దాలు

అరవైలు ముగిసే ఆ రోజుల్లో మా తెనాలిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నవాడు సినిమా హీరో అయినా అయ్యుండాలి, కంటి ఆపరేషన్ చేయించుకున్నవాడైనా అయ్యుండాలి. బాపట్లలో వ్యవసాయ కాలేజీ చదువు వెలగబెడుతున్న నేను మొదటి కోవలోకి వస్తానని నా నమ్మకం. ఓడలో పనిచేసే మా బావ సెలవుకొస్తూ తెచ్చుకున్న పోలరైజ్డ్ కళ్లద్దాలు, ఆయన దిగిన గంటలోనే నా ముక్కు మీదికెక్కాయి. (బావ ఇవ్వలేదు, వద్దనీ అనలేదు.) వాటితో బజారంతా తిరిగొస్తే పక్కింటి మామ్మగారు, "కళ్లకలకా నాయనా? నందివర్ధనం పూలు పెట్టుకోకపోయావా?" అన్నారు.

ఆ సాయంత్రమే అక్కాబావల ప్రయాణం, రేపల్లెలో అక్క అత్తగారింటికి. మధ్యాహ్నం కాలువ రేవులో కాళ్లు కడుక్కుంటుంటే అక్క చేతి గాజు జారి నీళ్లలో పడింది. అత్తగారు తన చేతినుంచి తీసి తొడిగిన బంగారు గాజు! కాలువ కట్టేసిన రోజులు కనక నీళ్లు మోకాలి లోతే, తేటగానే ఉన్నాయి. కానీ ఎండకి పైనంతా తళతళ; లోపల ఏమీ కనపడదు. దిగితే బురద లేస్తుంది. "ఆవిడకి నా మొహం ఎట్లా చూపించనురా!" అంటూ అక్క మెట్ల మీద కూలబడింది.

ఎదుటివాళ్లు ఎంత కంగారుపడితే అంత నెమ్మదిగా మాట్లాడే విద్య మా బావది. "ఒరేయ్, నువ్వు పెట్టుకు తిరుగుతున్న ఆ కళ్లద్దాలు అందానికి కాదు. నీళ్లకి తగిలి వచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా ఊగుతుంది. ఆ అద్దాలు నిలువు కటకటాల్లాంటివి. అడ్డంగా ఊగేదాన్ని రానివ్వవు. చూడు" అన్నాడు.

చూశాను. తళతళే.

"ఏం కనపట్లేదు బావా."

"పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు తల అట్లా పక్కకి వాల్చావేంటి? తలతోపాటు కటకటాలూ పక్కకి పడుకుంటాయి. నిటారుగా పెట్టు!"

పెట్టాను. తళతళ మాయమై అడుగంతా బయటపడింది. నాచు, పెంకులు, ఈదుతున్న పరిగలు, ఆఖరి మెట్టు పక్కన పచ్చగా గాజు! "అదిగో!" అని వేలు చూపిన ఉత్సాహంలో కాలు జారి నేనూ నీళ్లలో పడ్డాను. బావ ముందు గాజుని తీశాడు, తరవాత నన్ను.

అక్క ఏడుస్తూనే పకపకా నవ్వింది. రైలు కదిలేటప్పుడు బావ ఆ కళ్లద్దాలు నా జేబులో పెట్టి, "ఉంచుకోరా, ఓడలో నాకింకో జత ఉందిలే" అన్నాడు. అంత మంచి వస్తువుని అంత తేలిగ్గా ఇచ్చేసే మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు.

మర్నాడే వాటితో ఫోటో తీయించుకున్నాను. మొన్న అది మా మనవరాలి కంటపడింది.

"ఎవరు తాతయ్యా ఈ అబ్బాయి? భలే ఉన్నాడు!"

"తెలిసినవాడేనమ్మా," అన్నాను. "చూసి చాలా రోజులైంది."