చెత్తబండి రాని అడవి

ఇది ఆ వేసవిలోనే రాయవలసింది. అప్పుడు రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు, అడవిలో మధ్యాహ్నాలు కావలసినంత తీరిక ఉండేది. నాకు అక్షరాలు రావు, అంతే. ఈ హిందీ ఊళ్లో నేను పుట్టిన రైల్వే క్వార్టర్లో మగపిల్లలు బడికి వెళ్తే, ఆడపిల్లలం నీళ్ల కుళాయికి వెళ్లేవాళ్లం. ఆ వేసవి దాటాక మా కాలనీ తెలుగువాళ్లు పిల్లలకోసం సాయంత్రం తెలుగు క్లాసు పెట్టారు. మనవడిని దింపడానికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. పిల్లలు ఒక్కొక్కరే హిందీలో ఏదో సాకు చెప్పి జారుకున్నారు, మా వాడితో సహా. చివరికి నేను మిగిలాను. పాపం మాస్టారికి వేరే దారి లేక నాకే నేర్పారు.

మా ఆయన రైలు పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి అదే ఊళ్లో దయాల్‌బంద్‌ పేటలో అద్దె ఇంటికి వచ్చాం. అది రెండు గదుల ఇల్లు, వాకిలి లేదు. తలుపు తీస్తే రోడ్డే. నా బతుకంతా వాకిలి తుడవడంలో పేరు తెచ్చుకున్నదాన్ని. క్వార్టర్ల వరసలో నా వాకిలి చూపించి కోడళ్లను తిట్టేవారు. అటువంటిది, తుడవడానికి చోటు లేక పొద్దున్నే చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని.

పక్కింటి అమ్మాయి అటవీశాఖలో గార్డు. మా కాలనీలో పుట్టిన తెలుగు పిల్లే, సగం మాట తెలుగు, సగం హిందీ. వేసవిలో అడవి అంటుకోకుండా చూడటానికి వానలు పడేవరకు కొందరిని పెట్టుకుంటారట. తాను కాపలా చూసుకునే బీటులో ఒకామె పెళ్లిళ్ల సీజనులో పని మానేసిందని, నడవగలిగి, పొగ కనిపిస్తే గట్టిగా అరవగలిగిన మనిషి దొరికితే చాలని మా గుమ్మంలో కూర్చుని వాపోయింది. అరవడం దగ్గర నా పేరే చెప్పుకోవాలి. నేను వస్తానన్నాను. బొగ్గు ఇంజన్ల పొగలో పెరిగినదాన్ని, నాకు తెలియని పొగ ఏముందని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

మా ఆయన పేపరు దించలేదు. "ఎల్లు. పులి నిన్ను సూసి దారి తప్పుకుంటాది," అన్నాడు. వారం తిరక్కుండా నేను తిరిగొచ్చేస్తానని వీధి చివర టీ కొట్టు వరకు వెళ్లి మరీ చెప్పి వచ్చాడు.

అడవి అంచు ఊళ్లో దిగాను. పనిలో నాకు జోడు ఆ ఊరి గోండు ఆవిడ. నాకంటే పెద్దది, నేను అక్కా అన్నట్టు దీదీ అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లీ అన్నట్టు బహినీ అనేది. మా పని ఫైర్ లైన్ చూసుకోవడం. ఫైర్ లైన్ అంటే అడవి మధ్య ఎడ్లబండి పట్టేంత వెడల్పున ఆకు లేకుండా ఉంచే దారి. అటునుంచి మంట వచ్చినా తినడానికి ఏమీ దొరక్క అక్కడే ఆగిపోవాలి. సాల్ చెట్లు ఆకు రాల్చే కాలం అది, ఇవాళ తుడిస్తే రేపటికి మళ్లీ నిండుతుంది. ఈ సంగతి విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చినంత పనయింది. ఇంత పెద్ద వాకిలి దేవుడు నాకోసమే దాచిపెట్టాడనుకున్నాను.

దీదీకి ఆ లైన్ పక్కనే ఒక ఇప్ప చెట్టు ఉంది. ఆ ఒక్కటే ఆవిడ సొంతం. తెల్లవారుజామున రాలే పువ్వును ఏరి, ఎండబెట్టి, కొంత అమ్మి, కొంత దాచుకుని వానాకాలమంతా ఇల్లు నడుపుకుంటుంది. పువ్వు ఆకుల్లో పడితే కనిపించదు కాబట్టి ఊళ్లోవాళ్లు చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకుంటారు. అడవికి అంటుకునే మంటల్లో చాలావరకు అక్కడ పుట్టినవే. కాపలా పనిలో చేరాక దీదీ తన చెట్టు కింద నిప్పు పెట్టడం మానేసింది. ఊరు నవ్వింది, ఆ చెట్టుకు సర్కారీ చెట్టు అని పేరు పెట్టింది. ఆవిడ కోడళ్లు అయితే ఈ ఏడు పువ్వు సగం ఆకుల్లోనే కుళ్లిపోతుందని, వానల్లో అత్త ఏం వండి పెడుతుందో చూద్దామని ఆవిడ ఎదటే అనేవారు. ఆవిడ మాత్రం పొద్దుపోయేదాకా వంగి చేత్తో ఆకులు ఏరేది.

నేను ఊరుకుంటానా? చెట్టు కింద తుడవడం నాకు వదిలెయ్యమన్నాను. వెదురు పుల్లల చీపురు పట్టి చెట్టు చుట్టూ నేలను అద్దంలా చేశాను. ఆ ఊపులోనే లైనంతా తుడిచాను. తుడిచిన ఆకును కాలనీలో చేసినట్టే అంచున కుప్పలు పెట్టాను. ఒకే ఎత్తు, ఒకే దూరం. దీదీ ఒకసారి కుప్పల వైపు చూసి ఏదో అనబోయింది. నేను అప్పటికే తరవాతి కుప్ప గుండ్రంగా సర్దుతూ, మీ వైపు వాళ్లకు తుడవడం సరిగా రాదు దీదీ అని పాఠం చెబుతున్నాను. ఆవిడ తన చెట్టు వైపు వెళ్లిపోయింది.

వేరే వైపు డ్యూటీకి వెళ్లిన గార్డమ్మాయి ఒక మధ్యాహ్నం బండి మీద వచ్చింది. లైన్ మొదట్లో బండి ఆపి, హెల్మెట్ తీసి, కుప్పల వరసను ఈ చివరినుంచి ఆ చివరికి చూసింది. నేను మెచ్చుకోలు కోసం చీర కొంగు సర్దుకున్నాను.

"ఆంటీ, కచరా గాడీ ఎన్ని గంటలకొస్తాది?"

"ఏ గాడీ అమ్మా?"

"ఇవన్నీ ఎత్తుకెళ్లడానికి. మున్సిపాలిటీ వాళ్లకి చెప్పే ఉంటారు కదా."

అప్పుడు వెలిగింది నాకు. యాభై ఏళ్లుగా కుప్ప పెట్టడం వరకే నా పని. అది ఆ తరవాత ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు, చెత్తబండి వచ్చేది, ఎత్తేది. అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. ఆకును లైనుకు దూరంగా, అడవిలోకి పల్చగా చెదరగొట్టాలి. అంచున కుప్ప ఉంటే మంట దాని మీదకెక్కి ఎత్తుకు లేస్తుంది, గాలికి ఎగిరిన మండే ఆకు అవతలికి దూకేస్తుంది. చీకటి పడేలోగా అన్నీ చెదరగొట్టమని చెప్పి నాతోపాటు తానూ ఒక కొమ్మ అందుకుంది.

నేను దూరపు చివర మొదలుపెట్టాను. దీదీ చెట్టు దగ్గరి కుప్పలు అన్నింటికంటే అందంగా కుదిరాయి, వాటిని చెరపడానికి చేతులు రాక ఆఖరికి ఉంచుకున్నాను.

పొద్దు వాలకముందే వాగు అవతల పొగ లేచింది. ఎవరో తమ ఇప్ప చెట్టు కింద పెట్టిన నిప్పు చెయ్యి దాటింది. గాలి మా వైపే ఉంది. అరవడానికే వచ్చినదాన్ని, అరవడం మరిచిపోయి చీపురు కోసం వెతుక్కున్నాను. గార్డమ్మాయి ఫోన్లో ఊరివాళ్లను పిలుస్తూ పరిగెత్తింది. దీదీ మాత్రం తన చెట్టు దగ్గరికి వెళ్లి నా కుప్పలను కాళ్లతో తన్నడం మొదలుపెట్టింది.

నేనూ పరిగెత్తాను, చీపురుతో. మంట లైనుకు తగలగానే దాన్ని చీపురుతో బాదాను. ఎండిన వెదురు పుల్లల చీపురు అది. రెండో దెబ్బకు అంటుకుంది. నాకు తెలియలేదు, దాన్ని అలాగే పట్టుకుని ఇంకో చోటికి పరిగెత్తాను. ఆర్పడానికి వచ్చిన మనిషి కాగడా పట్టుకుని ఊరేగుతోందని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారట. దీదీ నా చేతిలోంచి చీపురు లాగి నేలకేసి తొక్కి, పచ్చి సాల్ కొమ్మ ఒకటి విరిచి చేతిలో పెట్టింది.

"దీంతో కొట్టు బహినీ. తుడవకు, కొట్టు."

ఊరివాళ్లు వచ్చారు, అందరం కొట్టాం. కుప్పలు చెదిరిన చోటల్లా మంట లైను దగ్గర చచ్చింది. చివరి కుప్ప ఒకటి మాత్రం దీదీ కాలు అందేలోపు అంటుకుని నిలువెత్తున లేచింది. ఇప్ప చెట్టు కింద నేల శుభ్రంగా ఉంది కాబట్టి మంటకు అక్కడ ఏమీ దొరకలేదు. కానీ సెగ మాత్రం ఒకవైపు బెరడును, కింది కొమ్మలను నల్లబరిచింది. ఆ కొమ్మలనిండా మర్నాటి తెల్లవారుజామున రాలవలసిన పువ్వు ఉంది. రాలుతుందో, కొమ్మ మీదే ఉడికిపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. దీదీ బెరడు మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉందని తీసేసింది. నన్ను నాలుగు మాటలు అంటే బాగుండేది.

సిగ్నల్ దొరికే బండ మీదకెక్కి మా ఆయనకు ఫోన్ చేశాను. పులి సంగతి అడుగుతూ మొదలుపెట్టినవాడు కుప్పల సంగతి వినగానే ఆగిపోయాడు.

"లైను పక్కన కుప్ప పెడతారేటే? బతుకంతా గ్యాంగ్‌మన్ పెళ్లానివి. పట్టా పక్కన రాయి కుప్ప ఉంటే నేను ఎంత గోల సేసేవోణ్ణి, రోజూ ఇంటికొచ్చి నీకు సెప్పలేదూ?"

చెప్పాడు. నేను వినలేదు, అన్నం వడ్డిస్తూ ఉండేదాన్ని. వచ్చేయమంటాడనుకున్నాను, నిజానికి అలా అంటే బాగుండునని ఎదురు చూశాను.

"ఆవిడ సెట్టు సంగతి రేపు సెప్పు," అని పెట్టేశాడు.

మర్నాడు వెలుగు రాకముందే లేచాను. చీపురు లేదు, ఖాళీ చేతులతో వెళ్లాను. దీదీ అప్పటికే బుట్టతో చెట్టు కింద ఉంది. మేం నిలబడి ఉండగానే టప్, టప్ అని పువ్వు రాలడం మొదలైంది. మంచి వైపు నుంచి మాత్రమే. కాలిన వైపు కొమ్మ కదలలేదు. సగం చెట్టు బతికింది, సగం పంట పోయింది. దీదీ కాలిన కొమ్మల కింద కాసేపు నిలబడి, బుట్ట తీసుకుని ఇటు వచ్చింది.

"ఏం చూస్తావు బహినీ, కూర్చో. ఎండెక్కితే చీమలు పడతాయి."

కూర్చుని ఏరాను. నేల శుభ్రంగా ఉంది, ఒక్క పువ్వూ దాగలేదు. ఆ మాట పైకి చెప్పుకునే ధైర్యం నాకు లేదు. ఎండెక్కగానే బుట్ట ఆవిడకు ఇచ్చి లైను మీదకు వెళ్లాను. లైను మధ్యలో మిగిలిన కుప్పలను ఒక్కొక్కటీ కాళ్లతో, చేతులతో చెదరగొట్టి, ఆకును దోసిళ్లతో ఎత్తి దూరంగా అడవిలోకి చల్లాను. మధ్యాహ్నానికి నేను తుడిచినట్టు ఎవరికీ తెలియనంత గజిబిజిగా చేసి, బండ మీదకెక్కి సగం చెట్టు సంగతి మా ఆయనకు చెప్పాను.