చైనుకు పోసిన వంటనూనె

మా కిరాణా దుకాణంలో డబ్బా అడుగున మిగిలిన నూనెను పారబోయడం మహాపాపం. అందుకే దాన్ని రోజూ నా సైకిల్ చైనుకు పోసేవాణ్ణి. ఆ జిడ్డుకు దుమ్మంతా అంటుకుని, లింకుల్లోని పిన్నులను ఆకురాయిలా అరగదీసింది. పిన్నులు సన్నబడి చైను సాగింది. దబీర్‌పురా వంతెన ఎక్కుతుంటే పళ్లచక్రం మీంచి జారిపోయింది.

"ఏందన్నా గీ లొల్లి, స్కూటీ కొనుక్కో. దీన్ని పాత ఇనుముకు ఎయ్," అన్నాడు తమ్ముడు.

"చైను అరిగితే చైను మారుస్త. నీకెందుకురా ఫికర్?"

చైను ఒక్కటే మార్చమని మెకానిక్‌తో బేరమాడాను.

"చక్రం పండ్లు గూడ అరిగినయ్ భాయ్. వాటి మీద కొత్త చైను ఆగది," అన్నాడతను.

నా బేరం నన్నే వెక్కిరించింది. చైనూ చక్రమూ రెండూ మార్పించాను. ఇప్పుడు చైనును గుడ్డతో తుడిచాకే మెషిన్ ఆయిల్ చుక్కలు వేస్తున్నాను. వంతెన మీద తమ్ముడి స్కూటీ నన్ను దాటిపోతుంది. నేను మాత్రం సైకిల్ దిగను.