నీళ్ళే అడగాలి

ఈ మధ్య ఏ మీటింగుకు వెళ్ళినా మనిషికొకటి చొప్పున అరచేయంత నీళ్ళ సీసా పెడుతున్నారు. దాని మీద నాకో చిన్న ఫిర్యాదుంది. దాహం తీరడానికి అది చాలదు, పారబోయడానికి ఎక్కువ. మూత తిప్పితే కిరకిరమంటుంది, పట్టుకుంటే సొట్ట పోతుంది, రెండు గుక్కలు తాగి కింద పెడితే పక్కాయన సీసాతో కలిసిపోతుంది. ఏది ఎవరిదో తెలియక ఇక ఎవరూ ముట్టుకోరు. మొన్న బషీర్‌బాగ్‌లో పేదరిక నిర్మూలన మీద సమీక్ష జరిగింది. అది ముగిసేసరికి బల్ల నిండా సగం సగం తాగిన సీసాలు మిగిలాయి. పేదరికం సంగతి తర్వాత చూసుకుందామన్నట్టు, ముందు వాటిని నిర్మూలించడానికి ఒకావిడ గోనెసంచీ పట్టుకుని వచ్చింది. ఒక్కొక్క సీసానూ ఆమె నలిపి సంచీలో వేస్తుంటే ఆ చప్పుడుకి నాకు సులోచన మేడం గుర్తొచ్చారు. ఆవిడ ఇలాంటి సీసాలో నీళ్ళు తాగగా నేను చూడలేదు. ఎవరి గుమ్మం ముందైనా ఆగి, గొడుగు ముడిచి, "జర మంచినీళ్ళిస్తవా అమ్మా" అని అడిగి, స్టీలు గ్లాసెత్తి గటగటా తాగేవారు. రోజుకు పాతిక ఇళ్ళు తిరిగితే పాతిక గ్లాసులు. ఆవిడ ఆరోగ్య రహస్యం అదేనని ఆఫీసులో కొందరు నమ్మేవారు.

మా తాతగారు ఉద్యోగం మీద గుంటూరు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. అక్కడి మా ఇంటి నుంచి అశోక్ నగర్ కోచింగ్ సెంటరుకు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల దూరాన్ని నేను నాలుగేళ్ళు నడిచాను. సంక్షేమ పథకాలన్నీ పుట్టిన సంవత్సరాలతో సహా నాకు కంఠతా వచ్చు. పేదరికపు గీత ఎక్కడ గీయాలో ఏ కమిటీ ఏమందో నిద్రలో లేపినా వరసగా చెప్పేవాణ్ణి. అయితే నిద్ర లేపి అడిగేవాళ్ళు లేరు, పరీక్షలో అడిగినవేమో నాకు రాలేదు. ఐదో ఏడు మొదలయ్యేసరికి నాన్నగారు నన్ను ఏమీ అనడం మానేశారు. అది అనడం కన్నా గట్టిగా వినిపించింది. అప్పుడు, పింఛను దరఖాస్తుల విచారణకు తాత్కాలికంగా మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి వెళ్ళి చేరాను. మా వార్డు విచారణ చూసే అధికారి సులోచన మేడం. అప్పటికి ఆవిడకు యాభై అయిదు దాటాయి. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. నారాయణగూడలో పుట్టి నారాయణగూడలోనే పెరిగారు. నా ధ్రువపత్రాలన్నీ తిరగేసి తలెత్తారు.

"నాలుగేండ్లు చదివినవ్. పేదరికం అంటే ఏంది?"

నేను నాలుగు నిర్వచనాలు చెప్పాను. ఐదోది లంకించుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"మంచిగ చెప్పినవ్. పెన్ను తెచ్చుకున్నవా?"

తెచ్చుకోలేదు. ఆ రోజు నుంచి నా పేరు 'గ్రూప్ టూ' అయింది. నేను రాస్తూ వచ్చిన పరీక్ష పేరది. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో మాత్రం వాడుకునేవాణ్ణి.

మేడం మొదటి రోజు నేర్పిన పాఠం నీళ్ళ గురించే. ముషీరాబాద్ వైపు ఒక బస్తీలో, మధ్యాహ్నం పూట, ఒక ముసలాయన ఎంతో ఆప్యాయంగా చాయ్ తాగి పొమ్మన్నాడు. నేను అప్పటికే సగం కూర్చున్నాను. మేడం నా మోచెయ్యి పట్టుకుని లేపి, ఆయన్ని మంచినీళ్ళు అడిగి తాగి, బయటికొచ్చాక చెప్పారు. "నీళ్ళడిగితే మనిషి ఇంట్లకు పోతడు. చాయ్ అంటే బయటికి పోతడు. పాలు తేవాలె, చక్కెర తేవాలె. మన కోసం ఎవ్వలు బయటికి పోవద్దు. సమజయిందా గ్రూప్ టూ?" సమజయిందని తల ఊపాను. పరీక్షలో రాని విషయాలను నేను అంత శ్రద్ధగా వినేవాణ్ణి కాదని ఆవిడకు అప్పటికింకా తెలియదు.

విచారణ అంటే ఒక కాగితం. ఇంట్లో ఏమేమున్నాయో దాని మీద టిక్కులు పెట్టాలి. కుర్చీలున్నాయా, ఫ్యానుందా, టీవీ ఉందా, ఇలా. టిక్కులు ఎక్కువైతే పింఛను రాదని బస్తీలన్నిటికీ తెలుసు. ఒకసారి వరసగా నాలుగిళ్ళు చూశాం. ఎక్కడా టీవీ లేదు. పిల్లలు మాత్రం నాలుగిళ్ళలోనూ సీరియల్ పాట పాడుతున్నారు. ఐదో ఇంటి దగ్గర మేడం గొడుగు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి మొదటి ఇంటికి వెనక్కి వెళ్ళాం. అక్కడ మంచం మీద నాలుగు టీవీలు వరసగా కూర్చుని ఉన్నాయి. విచారణ అయిపోయిన ఇల్లు కదా, చుట్టుపక్కలవాళ్ళంతా అక్కడ దాచుకున్నారు. ఆ ఇంటావిడ ముఖంలో నెత్తురు లేదు. మేడం గడపలోనే నిలబడి, "నా గొడుగు ఏ టీవీ ఎనక ఉన్నదో జర చూడమ్మా," అన్నారు. గొడుగు తీసుకుని వచ్చేశారు. రాసుకోవద్దా అని అడిగాను. "పాత డబ్బాలు. వాటిని చూస్తే ముసలితనం ఆగుతదా?" అన్నారు. ఆవిడ నియమాలు పాటించరని నేను మనసులో రాసుకున్నాను. నాలుగేళ్ళ చదువు అలాంటి పనులకు పనికొస్తుంది.

నా అవకాశం నెల తిరక్కుండానే వచ్చింది. మోకాళ్ళు వాచి మేడం మూడు రోజులు సెలవు పెట్టారు. ఆ మూడు రోజులూ నేనొక్కణ్ణే తిరిగాను. రెండో రోజు, అశోక్ నగర్ వెనక కాలువ పక్కన, అంజమ్మ అనే ఆవిడ ఇంటికి వెళ్ళాను. మహబూబ్‌నగర్ వైపు నుంచి భర్తతో కూలికొచ్చిన మనిషి. కడుతున్న మేడ మీది నుంచి పడి అతను పోయాడు. వితంతు పింఛనుకు పెట్టుకుంది. ఒకటే గది, ఆమె, పదేళ్ళ కూతురు. నేనొస్తున్నానని ముందు రోజే కబురు వెళ్ళింది. గదిలో నాలుగు కుర్చీలు, బల్ల మీద తిరుగుతున్న ఫ్యాను, మంచం, దాని మీద మడతలు పోని కొత్త దుప్పటి. నేను కూర్చోగానే మెరిసే స్టీలు పళ్ళెంలో బిస్కెట్లు, చల్లటి కూల్‌డ్రింక్ సీసా తెచ్చి ముందు పెట్టింది. ఆమె మాత్రం కూర్చోలేదు.

"ఈ పింఛనొస్తే ఇటుకలు మోసుడు బంద్ వెడత సారూ," అంది. "నడుము పని చేస్తలేదు. బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పిండు. రెండు హాస్టళ్ళల్ల ఊడ్చుకుని బతుకుత."

"ఈ సామానంతా మీదేనా?" అని అడిగాను.

పళ్ళెం నా వైపు ఇంకాస్త జరిపింది. "అవ్ సారూ. మాదే."

నేను టిక్కులు పెట్టాను. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. వదిలేస్తే ఆమె మనసు కష్టపడుతుందని, మర్యాదగా, కూల్‌డ్రింక్ చివరి చుక్క దాకా తాగి లేచాను.

జాబితాలో అంజమ్మ పేరు రాలేదు. ఆమె ఆఫీసుకొచ్చి గోడకంటించిన కాగితం దగ్గర చాలాసేపు నిలబడింది. చదువు రాకపోయినా తన పేరు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మేడం ఆమెను చూసి, దరఖాస్తు సంఖ్య అడిగి, నేను నింపిన కాగితం తెప్పించుకున్నారు. అంజమ్మను పంపించాక నన్ను పిలిచారు.

"ఇంట్ల ఇద్దరు. కుర్చీలు నాలుగు. ఎవరు కూసుంటరయ్యా వాటిల?"

"తెలియదండి. ఆమెవేనని చెప్పింది."

"ఏమన్న పెట్టిందా తిననీకి?"

"బిస్కెట్లు పెట్టిందండి. స్టీలు పళ్ళెంలో."

"పళ్ళెం మీద పేరు చూసినవా?"

మన ఇళ్ళలో స్టీలు సామాను కొన్నప్పుడు దుకాణంలోనే పేరు చెక్కిస్తారు కదా. చూశాను. అక్షరం కనబడితే చదవకుండా ఉండలేను, అది నా జబ్బు.

"లక్ష్మి అని ఉందండి," అన్నాను.

మేడం నా కాగితం మీద దరఖాస్తుదారు పేరు దగ్గర వేలు పెట్టి నా వైపు తిప్పారు. చదివి అర్థం చేసుకోవడంలో నేను నాలుగేళ్ళు శిక్షణ పొందాను.

సాయంత్రం కబురు చెయ్యకుండా వెళ్ళాం. గదిలో ఒక చాప, కిరోసిన్ పొయ్యి, తాడు మీద రెండు చీరలు, ఒక స్కూలు గౌను. మేడం గొడుగు ముడిచి మంచినీళ్ళు అడిగారు. ఇంట్లో గ్లాసు ఒక్కటే, ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం తాగాం. తర్వాత మేడం ఆ మోకాళ్ళతోనే చాప మీద కూలబడ్డారు. తిరిగి లేపడానికి నేనూ అంజమ్మా చెరో పక్కా పట్టాల్సి వచ్చింది. కానీ అది తర్వాత. కూర్చుని అడిగారు.

"మందివి తెచ్చి పెట్టినవ్, మంచిదే. నీవేనని ఎందుకు చెప్పినవమ్మా?"

అంజమ్మ కొంగు సర్దుకుంది. "మా ఇంటికి అఫీసరొస్తుండు, కింద కూసోబెడ్తనా మేడం? అంత మంచిగ కూసున్నంక, మావి కావు సారూ, పక్కింటోళ్ళవి, అని ఏ నోటితోని చెప్పాలె?"

అప్పుడు టీవీలు దాచినవాళ్ళందరికీ పింఛన్లొచ్చాయి. వచ్చినవాణ్ణి మర్యాదగా కూర్చోబెట్టాలనుకున్న ఒక్క మనిషికి రాలేదు. నేను చదివిన ఏ కమిటీ నివేదికలోనూ దీనికి గడి లేదు.

మేడం పునర్విచారణకు రాశారు. అందులో తప్పు ఎవరిదని రాయాల్సిన చోట తన పేరు రాసుకున్నారు. నేను అడ్డం చెప్పబోతే, "నిన్ను పంపింది నేనే కదా," అన్నారు. ఆవిడకు మెమో వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అదే మొదటిది. దాన్ని మడిచి గొడుగు కర్ర పక్కన దూర్చుకుని ఎప్పటిలాగే వార్డు తిరగడానికి బయల్దేరారు. కానీ ఒకసారి తీసేసిన పేరు మళ్ళీ ఎక్కాలంటే తర్వాతి విడత దాకా ఆగాలి. ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలలూ అంజమ్మ ఇటుకలు మోసింది. ఎక్కడంటే, అశోక్ నగర్‌లో నేను రోజూ చాయ్ తాగే కొట్టుకు ఎదురుగా. కోచింగ్ పిల్లల కోసం కొత్త హాస్టల్ కడుతున్నారు. నెత్తిన తట్టతో మూడో అంతస్తు దాకా ఎక్కేది. నడుం మీద ఒక చెయ్యి, తట్ట మీద ఒక చెయ్యి. నన్ను చూస్తే తట్ట మీది చెయ్యి కాస్త ఎత్తి, "నమస్తే సారూ," అనేది. ఆ నమస్కారం మూడు రోజులు భరించి, నాలుగో రోజు కొట్టు మార్చేశాను. వారం తిరక్కుండా మేడంకు తెలిసింది.

"ఆడ చాయ్ మంచిగుండదా?"

"బాగానే ఉంటుందండి."

"అయితే రేపటి సంది ఆడనే తాగు."

తాగాను. ఏడు నెలలు, రోజుకు రెండు పూటలా. మేడం నాకు వేసిన శిక్ష అదొక్కటే. ఆవిడ దాన్ని శిక్ష అని అనలేదు. రెండో విడత జాబితాలో అంజమ్మ పేరు వచ్చిన రోజు నా బల్ల దగ్గర ఆగి, "ఇగ నీ ఇష్టమున్న తాన తాగుపో," అని వెళ్ళిపోయారు. నేను ఆ సాయంత్రం కూడా అక్కడికే వెళ్ళాను. మూడో అంతస్తు మెట్ల మీద ఆమె లేకపోవడం చూద్దామని.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. గ్రూప్ టూ కాదు, గ్రూప్ ఫోర్. మేడం రిటైరయ్యే దాకా పాత పేరుతోనే పిలిచారు, మర్యాద తగ్గించడం ఇష్టం లేదన్నారు. ఇప్పుడు విచారణకు నేనే మనుషుల్ని పంపుతున్నాను. చేతిలో యంత్రాలున్నాయి, టిక్కులు వేలితో పెడతారు. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది రెండు ముక్కలే. నీళ్ళే అడగండి. పళ్ళెం మీద పేరుంటే చదవండి. వాళ్ళు నన్ను కొంచెం చాదస్తుడి కింద జమకట్టారు. నాకు అభ్యంతరం లేదు, నేనూ ఒకప్పుడు ఒకావిడను అలాగే అనుకున్నాను.

మేడం చనిపోయిన వారం సంగతి. నారాయణగూడలో వాళ్ళింటి ముందు షామియానా వేసి కుర్చీలు వేశారు. అంజమ్మ వచ్చింది. బోలెడు కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడవార కింద కూర్చుంది. జుట్టు తెల్లబడింది, నడుము వంగింది. కూతురు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోందట. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా మోకాళ్ళు కూడా ఇప్పుడు మేడం మోకాళ్ళలాగే చప్పుడు చేస్తున్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఆమెతో చెప్పాలనుకుని, ఎన్నోసార్లు మాటలు కూర్చుకుని, తీరా ఎదురుపడితే ఏదో జోకు వేసి తప్పించుకున్న సంగతి ఆ రోజు చెప్పేశాను.

"అంజమ్మా, ఆ రోజు మీ ఇంట్లో నేను సరిగ్గా చూడలేదు. కుర్చీలు చూశాను, మనిషిని చూడలేదు. నా టిక్కుల వల్ల ఏడు నెలలు ఇటుకలు మోశావు. ఆ తప్పు నాది, మేడంది కాదు."

ఆమె నన్ను తేరిపార చూసింది.

"ఆ కాయితాల సంగతి నాకేం యాదికి లేదు సారూ," అంది. "నువ్వు ఆ కూల్‌డ్రింక్ సీసా మొత్తం తాగినవ్. నా బిడ్డ తలుపెనక నిలవడి చూసింది. జరంతన్న ఇడుస్తవనుకున్నం."