చల్లని తడి

నర్సు బ్రాన్వెన్ ప్రాసర్ పసిబిడ్డ ఉన్న ఇంటికి వస్తే గంటకు తక్కువ కూర్చోదని వేల్స్‌లోని ఆ బొగ్గుగనుల లోయలో అందరికీ తెలుసు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, లంగోటా గుడ్డ తన చేతికింద వెచ్చగా తడిసేదాకా కదలదు. అప్పుడు సంచిలోంచి చిన్న సీసా తీసి ఆ తడి మీద రెండు చుక్కలు ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తుంది. గుడ్డ ఆకుపచ్చగా మారితే, పాలలోని మాంసకృత్తులు ఆ బిడ్డ ఒంటికి పడక మెదడుకు విషమవుతున్నాయన్నమాట. తొలి వారాల్లోనే తెలిస్తే తిండి మార్చి మెదడును కాపాడుకోవచ్చు.

"మావాడు ఉచ్చ పోసేలోపు మీకు పింఛను వచ్చేట్టుంది నర్సమ్మా," అని తల్లులు ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

1959లో ఆమెకు ఆ ఓపిక లేదు. వారం రోజులుగా ఒకటే వాన. బస్సు వచ్చేలోపు ఇంకా నాలుగిళ్లు తిరగాలి. నెస్టా బైనన్ ఇంట్లో ఐదు వారాల ఇడ్రిస్ ఉన్నాడు. ఆ చుక్కలు పడిన గుడ్డకు తుప్పు మరక అంటుకుంటుంది, ఎంత ఉడకబెట్టినా వదలదు. సోమవారం ఉతికి ఆరేసిన బట్టల్లో మరక కనిపించిందా, ఆ ఇల్లాలి పరువు వీధిన పడ్డట్టే. అందుకే నర్సు గేటు తీయడం చూసి నెస్టా బిడ్డకున్న మంచి గుడ్డ లాగేసింది. ఉతికి వంటింటి దండెం మీద వేసిన, ఇంకా ఆరని పాత పేలిక తెచ్చి చుట్టింది.

బ్రాన్వెన్ తాకి చూసింది. తడిగానే ఉంది. చుక్కలు వేసింది. ఆకుపచ్చ రాలేదు.

"నీ కొడుక్కేం, బంగారం," అని, జబ్బు లేదని కాగితం మీద రాసుకుని బస్సుకు పరుగెత్తింది.

తొమ్మిదో నెల వచ్చినా ఇడ్రిస్ కూర్చోలేదు. తల్లి పిలిస్తే తల తిప్పలేదు. అందరూ నల్లజుట్టు వాళ్లయిన ఆ ఇంట్లో వాడి జుట్టు ఎండుగడ్డి రంగుకు తిరిగింది, ఒంటికి ఎలుకల వాసన పట్టింది. ఈసారి చుక్కలు పడీ పడగానే గుడ్డ ముదురాకుపచ్చ అయింది. ఆసుపత్రివాళ్లు తిండి మార్చారు గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పోయిన తెలివి తిరిగి రాలేదు.

పేలిక సంగతి నెస్టాయే ఏడుస్తూ చెప్పేసింది. ఆ రోజు నుంచి ఆమె భర్త గ్లిన్ ఆమెతో మాటలు మానేశాడు. మరక పడకూడదని కొడుకును పోగొట్టుకుందని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. బ్రాన్వెన్ మాత్రం నోరు మెదపలేదు. అది పిరికితనం, దానికి వేరే పేరు లేదు.

ఆరేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం బ్రాన్వెన్ ఇడ్రిస్ బరువు చూడటానికి వెళ్లింది. నెస్టా వాడికి జావ తాగిస్తోంది.

"నేనా పాడు గుడ్డ చుట్టకపోయుంటే మీకు తెలిసిపోయేది కదా నర్సమ్మా," అంది, ఎప్పుడూ అనేదే.

"నెస్టా, ఆ గుడ్డ చల్లగా ఉంది. నా వేళ్లకు తెలిసింది. బిడ్డ తడిపిన గుడ్డయితే వెచ్చగా ఉంటుంది. బస్సు తప్పిపోతుందని ఊరుకున్నా."

నెస్టా చెంచా కింద పెట్టింది. "ఇన్నేళ్లూ తెలుసా మీకు?"

"తెలుసు."

"నాకు కాదు చెప్పాల్సింది. మా ఆయన పెరట్లో పావురాల దగ్గరున్నాడు. వెళ్లి ఆయనకు చెప్పండి."

వెళ్లి చెప్పింది. గ్లిన్ చేతిలోని పావురాన్ని గూట్లో పెట్టాడు. ఆమె వంక చూడకుండానే ఇంట్లోకి నడిచాడు. లోపలినుంచి "నెస్టా" అన్న పిలుపు వినపడింది, ఆరేళ్ల తర్వాత మొదటిసారి.

సంగతి పాకాక ఆ వీధిలో ఎవరూ బ్రాన్వెన్‌ను ఆటపట్టించలేదు, టీ తాగమని అడగలేదు. బిడ్డను మాత్రం తెచ్చి ఒళ్లో పెట్టేవాళ్లు. ఎవరూ పలకరించని ఆ గదుల్లో ఆమె కూర్చునే ఉండేది, గుడ్డ వెచ్చబడేదాకా.