రెండో మనిషిగా నేను చూసిన మంచు

"ఐర్లాండ్‌లో మంచుచరియ విరిగిపడి మనిషి చనిపోతాడా?" అని డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మన తెలుగువాళ్ళు నన్ను ఇప్పటికీ అడుగుతారు. వానకు పేరుపడ్డ దేశం కదా, నమ్మరు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడిగినవాళ్ళ మీద ఒళ్ళు మండుతుంది.

ఆ చనిపోయింది మా అన్న. ఆయనా, నేనూ ఒకే మందుల ఫ్యాక్టరీలో, ఒకే క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళం. సొంత అన్న కాదు. వరంగల్ మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మాది గుంటూరు. ల్యాబ్‌లో ఏ పనైనా ఒకరు చేయాలి, రెండోవాళ్ళు కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. ఏళ్ళ తరబడి ఆయన చేసినదానికి నేను, నేను చేసినదానికి ఆయన పెట్టాం. ఆయన పనిలో తప్పు ఎన్నడూ దొరకలేదు. అందుకని ఎప్పుడో నేను చూడటం మానేశాను. సంతకం మాత్రం పెడుతూనే ఉన్నాను.

చలికాలంలో దగ్గర్లోని విక్లో కొండలెక్కే పిచ్చి ఆయనది. నన్నూ లాక్కెళ్ళేవాడు. మంచు పొరలను పరీక్షించడం స్కాట్లాండ్ వెళ్ళి నేర్చుకొచ్చాడు. అక్కడైతే ఏ వాలు ప్రమాదమో రోజూ చెప్పేవాళ్ళున్నారు. ఇక్కడ ఎవరి తిప్పలు వాళ్ళవే. పారతో గుంట తవ్వి, మంచు దిమ్మ ఒకటి పక్కలనుంచి కోసి, దానిమీద పార పెట్టి అరచేత్తో కొట్టేవాడు. మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, ఆఖరున భుజం నుంచి పది. పై పొర జారిందంటే వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్ళం.

ఆ వారం మూడు రోజులు మంచు కురిసింది. పడమటి గాలి విపరీతంగా వీచి, ఆదివారానికి కాస్త తెరిపి ఇచ్చింది. మేం పడమటి వైపునుంచి ఎక్కాం. శిఖరానికి కొంచెం కింద ఆయన గుంట తవ్వాడు. నేను ఇరవై అడుగుల దూరంలో, గాలికి వీపు పెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాను.

"గట్టిగుంది తమ్మీ, భుజంకెల్లి కొట్టినా కదుల్తలేదు. వచ్చి సూడు."

"నువ్వు చూశావుగా అన్నా, ఓకే."

"మరి రెండో సంతకం?"

"పెట్టేశా!" అని కప్పు పైకెత్తాను. ఆయన నవ్వాడు.

మేం దిగాల్సింది తూర్పు వైపుకు. గాలి పడమటి వాలును ఊడ్చి గట్టిపరచి, ఆ ఊడ్చినదంతా తీసుకెళ్ళి తూర్పు వాలు మీద పట్టులేని పొరగా పోసింది. ఆయన పరీక్షించింది ఒకవైపు, మేం దిగబోయేది మరోవైపు. మందుపొడి డ్రమ్ములో పైనుంచి మాత్రమే శాంపిల్ తీస్తే అది డ్రమ్ము మొత్తానికి చెల్లదని ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది నేనే. లేచి ఆ ఇరవై అడుగులు నడిచి ఉంటే, "అన్నా, మనం దిగేది ఇటు కాదు కదా" అనేవాణ్ణి. తప్పకుండా అనేవాణ్ణి.

ఆయన ముందు దిగాడు. పదడుగులు వేశాడో లేదో, ఆయనకు పైన మంచులో అడ్డంగా ఒక గీత పడింది. వాలంతా ఒక్క ముక్కగా కదిలింది. ఆయన నా వైపు తిరిగి చూశాడు. పెద్ద చరియ కూడా కాదు, ఓ ఇంటి వెడల్పు ఉంటుందేమో. కానీ కింద రాళ్ళున్నాయి. పార ఆయన సంచిలోనే ఉండిపోయింది. నేను చేతులతో తవ్వాను. ముఖం బయటికి తీసేసరికే అంతా అయిపోయింది. రెస్క్యూ వాళ్ళు వచ్చేదాకా ఆ ముఖం పక్కనే కూర్చున్నాను.

నాలుగో రోజు వాళ్ళ వంటింట్లో వదిన ఎదురుగా ఉన్నాను. బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో ఆయన పెద్దన్న వరంగల్ నుంచి అరుస్తున్నాడు. పెళ్ళాన్నీ బిడ్డనూ గాలికొదిలేసి, ముందూవెనకా చూడకుండా చావుకు ఎదురెళ్ళాడని తిడుతున్నాడు. వదిన నా వైపు తిరిగింది.

"మీ అన్న సూడకుండనే దిగిండా తమ్మీ?"

"లేదు వదినా. గుంట తవ్వి పరీక్ష చేశాడు."

"మరి నువ్వు? నువ్వు గూడ సూసినవా?"

ఫోన్‌లో అరుపు ఆగింది. నిజం చెబితే ఆయన తప్పు కూడా బయటపడుతుంది, ఆమె తట్టుకోలేదు అనుకున్నాను. అది సాకు. నాకు భయమేసింది, అంతే.

"చూశాను వదినా."

ఆమె ముఖం నాలుగు రోజుల్లో మొదటిసారి కాస్త తేటపడింది. "ఇన్నవా బావా? ఒక్కడు గాదు, ఇద్దరు సూసిన్రు" అంటూ ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు తమ్మీ. నీ మాటైతే ఇంటడు."

చెప్పాను. మొదటిసారి కంటే తేలిగ్గా వచ్చింది.