రేడియో నాటకంలో అడగని క్షమాపణ

చర్చి రేడియోలో ఏడాదిన్నర నడిచిన నాటకాన్ని రాసింది ఆ చర్చి ఆఫీసులో పనిచేసే టైపిస్టే. ఒక వ్యాపారి మోసం చేసి ఓ ముసలావిడ బేకరీని లాగేసుకుంటాడు. చివరిదైన అరవయ్యో భాగంలో మోకరించి ప్రార్థించి మారిపోతాడు. అప్పట్లో విన్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

రిటైరయ్యాక ఆ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తూ ఆయన అన్నీ వరసగా విన్నాడు. మొదట మురిసిపోయాడు. వ్యాపారి నవ్వు మరీ శ్రుతి మించిందని నొచ్చుకున్నాడు. చివరి భాగాన్ని మాత్రం వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. వ్యాపారి దేవుణ్ణి క్షమాపణ అడిగాడు, పాస్టరుగారిని అడిగాడు. ముసలావిడను అడగనే లేదు. నలభయ్యో భాగం తర్వాత ఆమె ఊసే లేదు.

ఆ పాత్రకు గొంతిచ్చిన వదినకు ఫోన్ చేశాడు.

"వదినా, మీ ముసలావిడను మధ్యలో గాలికొదిలేశాను."

"అప్పుడే అడిగాను కదయ్యా, ఆమె సంగతేంటని! కథ పెద్దది, అందర్నీ పట్టించుకుంటే కుదరదన్నావు."

"మీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదూ? మీ అన్నయ్య మీద చూపించాను."

ఆయన నవ్వాడు గానీ మనసు కుదుటపడలేదు. వారంపాటు కూర్చుని ఇంకో భాగం రాశాడు. వ్యాపారి బేకరీ తాళాలు తెచ్చి ముసలావిడ ముందు పెట్టి, తలవంచుకుని క్షమించమంటాడు. ఆమె ఏమనాలో ఎంతకీ తోచక, అక్కడ ఖాళీ వదిలి కాగితాలను వదిన దగ్గరికే పట్టుకెళ్లాడు.

వదిన రెండుసార్లు చదివి, పెన్ను తీసుకుని రాసింది: "తాళాలు తీసుకుంటాను. క్షమించడం నా వల్ల అవుతుందో లేదో, రేపు రా, చూద్దాం."

ఆయన అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.