డకోటా అనమాకండి

మొన్న తెనాలి బస్టాండులో రేపల్లె బస్సెక్కి కూర్చున్నాను. కదిలే ముందు బస్సు రెండుసార్లు దగ్గింది, అద్దాలన్నీ గలగలలాడాయి. వెనక సీట్లో ఒకాయన విసుగ్గా, "ఈ డకోటా ఎప్పటికి చేరుద్దో ఏంటో" అన్నాడు. నేను గభాలున పక్కకి చూశాను. బాబాయి లేడు. ఆయన పోయి మూడేళ్ళు దాటింది. అయినా ఆ మాట వినపడితే చాలు, ఆయన విన్నాడేమోనని కంగారు పడటం నాకింకా పోలేదు.

బాబాయంటే మా నాన్నకి ఆఖరి తమ్ముడు. వయసులో ఉండగా వైమానిక దళంలో డకోటా విమానాల ఇంజన్లు చూసేవాడు. తర్వాత రేపల్లె వచ్చి, ఒక రైసుమిల్లులో ఇంజను మనిషిగా స్థిరపడ్డాడు. మా వైపు డొక్కు బండి ఏదైనా డకోటాయే. సైకిలుని కూడా అంటారు. అది విమానం పేరని చాలామందికి తెలియనే తెలియదు. బాబాయి మాత్రం ఎవరన్నా సరే, చేతిలో పని ఆపి, "ఆ మాట అనమాకండి" అనేవాడు. కోపంగా కాదు, ఇంట్లో మనిషిని ఎవరో ఏదో అన్నట్టు. ఇక ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? ఆయన వస్తుంటే కావాలనే అనేవాళ్ళు.

నేనూ అన్నాను. పదేళ్ళప్పుడు, అడవులదీవి వెళ్ళే బస్సులో. బాబాయి లేచి బస్సాపించి, నా చెయ్యి పట్టుకుని దిగిపోయాడు. ఎండలో, కాలవగట్టు మీద ఇద్దరం నడిచాం. కాళ్ళు కాలుతున్నాయని ఏడుస్తుంటే అప్పుడు చెప్పాడు. దారులు లేని కొండల్లో ఉన్నవాళ్ళకి డకోటాలోంచి బియ్యం మూటలు జారవిడిచేవారట. అవి మన రేపల్లె బియ్యమేనని ఆయన నమ్మకం. ఓసారి మబ్బుల్లో, ఉన్న రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోయిందట. లోపల ఉన్నవాళ్ళలో ఆయనా ఒకడు. "ఒక్కదాంతోనే కొండలు దాటించి ఇంటికి చేర్చింది, అమ్మాయ్" అన్నాడు. దాన్ని పట్టుకుని డొక్కు అంటే ఎలా ఉంటుందో నాకప్పుడు కొంచెం అర్థమైంది, మిగతాది పెద్దయ్యాక అర్థమైంది.

ఇంజన్ల పక్కన గడిపిన ఏళ్ళకి చెవులు మూల్యం చెల్లించాయి. అరవై దాటేసరికి ఒకటి, డెబ్బై దాటాక రెండోది పోయాయి. పెదవుల కదలిక చూసి మాటలు అందుకునేవాడు. మిల్లులో మాత్రం పని ఆపలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకునేవాడు. ఎముకకి తగిలే వణుకుని బట్టే ఎక్కడ తేడా ఉందో చెప్పేసేవాడు.

అలాంటి రోజుల్లో, పాత డకోటా ఒకదాన్ని బాగుచేశారనీ, బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున జరిగే విన్యాసాల్లో అది ఎగురుతుందనీ పేపర్లో చదివాడు. ఆ పూటే మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ఆ రెండు ఇంజన్లూ కలిసి తిరగటం ఇంకొక్కసారి వినాలమ్మాయ్" అన్నాడు. ఎలా వింటావు బాబాయ్ అని అడిగేంత రాతిగుండె నాకు లేదు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి తీసుకెళ్ళాను. దారంతా విసుక్కుంటూనే ఉన్నాననుకోండి, అది నా గుణం.

బాపట్లలో రైలు దిగి ఎక్కిన ప్రైవేటు బస్సు, జనం వల్ల ఒడ్డుకి చాలా ఇవతలే ఆగిపోయింది. ఇసకలో బాబాయి నడవలేడు. ఆ బస్సు పక్కనే నిలబడ్డాం. ముందు జెట్ విమానాలు వచ్చాయి. బాబాయి వాటిని పట్టించుకోలేదు. చివరికి సముద్రం మీదుగా అది కనపడింది. లావుపాటి పొట్టతో, తొందరేమీ లేకుండా, బాగా కిందకి వస్తోంది. నేను ఆయన భుజం తట్టి చూపించాను. ఆయన చూసింది ఒక్క క్షణమే. వెంటనే వెనక్కి తిరిగి, బస్సు రేకుకి చెవి వెనక ఎముక ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

మరుక్షణం ఆ ముఖం పాలిపోయింది. "ఒకటే తిరుగుతోంది. రెండోది ఆగిపోయింది" అన్నాడు. నేను పైకి చూస్తే రెండు ఫ్యాన్లూ తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు తట్టింది, ఆయన వింటున్నది మా బస్సు ఇంజనుని. నేను పరిగెత్తి, ఒక్క రెండు నిమిషాలు ఆపమని డ్రైవరుని బతిమాలాను.

"ఆపితే మళ్ళీ అందుకోదండి. తొయ్యాల్సిందే" అన్నాడతను.

"తోస్తాం లెండి" అన్నాను.

నా ముఖంలో ఏం చూశాడో, ఆపేశాడు. విమానం చుట్టు తిరిగి మా నెత్తి మీదకే వచ్చింది. బస్సు రేకంతా సన్నగా వణకటం మొదలుపెట్టింది. నేనూ అరచెయ్యి ఆనించాను. మొదట ఆ వణుకు అలలు అలలుగా వచ్చింది, తర్వాత సమంగా, తీగలా సాగింది. బాబాయి కళ్ళు తెరవలేదు. "కలిశాయి" అన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అంతకు ముందెప్పుడూ ఆయన ఏడవటం నేను చూడలేదు, నాకూ ఆగలేదు.

తిరుగు ప్రయాణంలో అందరం దిగి బస్సు తోశాం. తోస్తూ కండక్టరు, "ఈ డకోటా ఇంతేనండి బాబూ" అన్నాడు. అతని పెదవులు బాబాయి చూడనే చూశాడు. నేను బిక్కచచ్చిపోయాను. బాబాయి రేకు మీద భుజం ఆనించి, బలంగా ఇంకో తోపు తోసి, "అవును, డకోటాయే" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట అన్నవాళ్ళని ఆయన వారించగా నేను చూడలేదు.

మొన్న రేపల్లె బస్సులో, ఎవరేమనుకుంటే నాకేం, కిటికీ పక్క రేకుకి చెవి వెనక భాగం ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఒకటే తిరుగుతోంది. మూడేళ్ళుగా ఆ ఒక్కదాంతోనే నడుస్తున్నాను, ఇంటికైతే చేరుతూనే ఉన్నాను.